వంగే చక్రమా, విరిగే చక్రమా?

ఒక వస్తువును కొనదలచిన మనిషి మొదట దాని సుగుణాలను విచారిస్తాడు. అది ఎంత తేలిక, ఎంత గట్టి, ఎంత సొగసు, ఎంత ఖరీదు అని అడుగుతాడు. అది చెడిపోయే రోజు వస్తే ఏ తీరున చెడిపోతుంది, అప్పుడు దానిని ఎవరు బాగుచేస్తారు అని అడిగేవారు తక్కువ. కొన్ని వస్తువుల విషయంలో ఈ రెండవ ప్రశ్నే అసలు ప్రశ్న. విద్యుత్ కొండ సైకిలు చక్రం అటువంటి వస్తువు.

ఈ వాహనం కొనేవారికి నేడు రెండు దారులు కనిపిస్తాయి. చక్రపు రిమ్ము అల్యూమినియంతో చేసినది కావచ్చును. లేదా కార్బన్ ఫైబరుతో చేసినది కావచ్చును. మొదటిది చవక, రెండవది ప్రియం. మొదటిది కొంచెం బరువు, రెండవది కొంచెం తేలిక. ఇంతమాత్రం విన్నవారు డబ్బున్నవారికి కార్బన్, లేనివారికి అల్యూమినియం అని తేల్చివేస్తారు. లెక్క అంత సులభం కాదు. సైకిలుకు మోటారు తోడైన తరువాత ఆ పాత లెక్క చాలావరకు మారిపోయినది.

కొండ దిగడానికి పుట్టిన సైకిలు

కొండ సైకిలుకు పుట్టినిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్న మరీన్ కౌంటీ. 1970 దశకంలో అక్కడి యువకులు పాత బరువైన సైకిళ్ళను కొండ మీదికి చేర్చి, మట్టిబాటల వెంట కిందికి ఉరికించేవారు. 1976లో మొదలైన వారి పందేనికి రీప్యాక్ అని పేరు వచ్చినది. కొండ దిగేసరికి వెనుక హబ్బులోని బ్రేకు వేడెక్కి, లోపలి గ్రీజు మాడిపోయేది. పందెం ముగిసినప్పుడల్లా కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. అలా తిరిగి కూరడమే పందేనికి పేరైనది. మరుసటి సంవత్సరం, 1977లో, జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే ప్రత్యేకంగా సైకిలు చట్రాలు నిర్మించడం ప్రారంభించినాడు.

ఇటీవలి దశాబ్దాలలో ఈ సైకిలుకు మోటారు, బ్యాటరీ తోడైనవి. కాళ్ళకు సెలవు ఇచ్చే మోటారు కాదు ఇది. పెడలు తొక్కినంతసేపే అది తన బలాన్ని కలుపుతుంది. ఐరోపా నిబంధనల ప్రకారం దాని నిరంతర సామర్థ్యం 250 వాట్లకు మించరాదు. వేగం గంటకు 25 కిలోమీటర్లు చేరగానే తోడ్పాటు ఆగిపోవలెను. 2019లో కెనడాలోని మోంట్ సెయింట్ ఆన్‌లో ఈ సైకిళ్ళకు తొలిసారిగా ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినది. దక్షిణాఫ్రికాకు చెందిన అలన్ హాథర్లీ, స్విట్జర్లండ్‌కు చెందిన నథాలీ ష్నైటర్ అందులో తొలి విజేతలు.

మామూలు కొండ సైకిలు 13 నుంచి 15 కిలోల బరువు ఉంటే, మోటారు ఉన్నది తరచు 22 నుంచి 25 కిలోల వరకు తూగుతుంది. ఆ అదనపు బరువు అంతా చివరకు ఆనేది రెండు చక్రాల మీదనే.

లాగుడు మీద నిలిచే చక్రం

ఎద్దుబండి చక్రమూ సైకిలు చక్రమూ చూపునకు ఒకే జాతివిగా కనిపిస్తాయి. పనిచేసే తీరులో మాత్రం రెండింటికీ పొంతన లేదు. బండి చక్రంలో కొయ్య ఆకులు స్తంభాలవంటివి. బండి బరువు ఏ క్షణానికి ఆ క్షణం కింది ఆకు మీద నిలబడుతుంది. సైకిలు స్పోకు సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల తీగ మాత్రమే. దాని మీద ఏ బరువూ నిలబడలేదు; నిలబెడితే వంగిపోతుంది. కాని లాగితే అది ఎంతో బలమైనది.

ఈ సూక్ష్మాన్ని 1808లోనే ఇంగ్లండుకు చెందిన జార్జ్ కేలీ గుర్తించినాడు. ఎగిరే యంత్రానికి తేలికైన చక్రం కావలసి వచ్చినప్పుడు, లాగి బిగించిన తీగలతో చక్రం నిర్మించవచ్చునని ఆయన ఆలోచించినాడు. 1874లో జేమ్స్ స్టార్లీ స్పోకులను హబ్బు నుంచి ఏటవాలుగా, ఒకదానినొకటి దాటేటట్లు అమర్చే పద్ధతికి పేటెంటు పొందినాడు. నేటి సైకిళ్ళ చక్రాలు అధికభాగం ఆ పద్ధతినే అనుసరిస్తున్నవి.

చక్రంలోని స్పోకులన్నీ ముందే బిగువుగా లాగి ఉంటాయి. బరువు పడినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న నాలుగైదు స్పోకులలో ఆ బిగువు కొంత తగ్గుతుంది. చక్రం తిరిగి అవి పైకి పోగానే మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ప్రతి చుట్టులోనూ ప్రతి స్పోకు ఒకసారి సడలి, ఒకసారి బిగుస్తుంది. జాబ్‌స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ విషయాన్ని లెక్కలతో వివరించినాడు. స్పోకులు తెగడానికి సాధారణ కారణం ఒక్క పెద్ద దెబ్బ కాదని, లక్షలసార్లు సాగే ఈ సడలింపు బిగింపుల అలసట అని దీనివల్ల తెలుస్తుంది.

ఈ ఏర్పాటులో రిమ్ముకు రెండు పనులున్నవి. అన్ని వైపుల నుంచి లోపలికి లాగే స్పోకుల బలాన్ని తట్టుకొని గుండ్రంగా నిలవడం మొదటిది. రాయి తగిలినప్పుడు ఆ దెబ్బను భరించి, టైరు అంచును పట్టు వదలకుండా ఉంచడం రెండవది. అల్యూమినియం, కార్బన్ రెండూ మొదటి పనిని చక్కగా చేస్తాయి. తేడా రెండవ పనిలో బయటపడుతుంది.

లోహమూ, పోగూ

అల్యూమినియం ఒకప్పుడు అరుదైన లోహం. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరూ ఒకరికొకరు తెలియకుండానే విద్యుత్తు సాయంతో దానిని చవకగా తీసే మార్గం కనుగొన్నారు. నేడు అది వంటింటి గిన్నెగా, కిటికీ చట్రంగా ప్రతి ఇంటికీ పరిచయమే. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఇనుములో మూడవ వంతు. రిమ్ము తయారీకి మెగ్నీషియం, సిలికాన్ వంటివి కలిపిన మిశ్రలోహాన్ని వాడతారు. దానిని అచ్చు రంధ్రం గుండా నెట్టి, లోపల గుల్లగా ఉండే పొడవైన బద్దీగా తీసి, గుండ్రంగా చుట్టి, రెండు కొసలను కలిపివేస్తారు.

కార్బన్ ఫైబరు కథ ఇటీవలిది. 1960 ప్రాంతంలో జపానులోని ఒసాకాలో అకియో షిండో, ఆ తరువాత ఇంగ్లండులోని ఫార్న్‌బరో పరిశోధకులు ఒకరకం కృత్రిమ నూలు పోగును గాలి తగలకుండా అత్యధిక వేడిలో మాడ్చి, దాదాపు శుద్ధమైన కర్బనపు పోగును రాబట్టినారు. వెంట్రుకకంటె సన్నని ఆ పోగులను ఎపాక్సీ జిగురులో ముంచి పొరలుగా పేర్చి, అచ్చులో బిగించి వేడిచేస్తే గట్టిపడుతుంది. పోగు నిడివి వెంట చూస్తే సాధారణ కార్బన్ ఫైబరు బిగువు అల్యూమినియంకంటె మూడింతలకు పైబడి ఉంటుంది. జిగురుతో కలిసిన పదార్థపు సాంద్రత 1.6 గ్రాముల దరిదాపు. భారతదేశపు తేజస్ యుద్ధ విమానపు నిర్మాణంలో పెద్ద భాగం ఈ కోవకు చెందిన పదార్థమే.

లోహానికి అన్ని దిక్కులా ఒకే బలం. కార్బన్ బలం పోగు సాగిన దిక్కున మాత్రమే. కనుక కార్బన్ రిమ్ము మంచిచెడ్డలు పొరలను ఏ కోణంలో, ఎంత శ్రద్ధగా పేర్చినారు అన్నదాని మీద ఆధారపడి ఉంటాయి. నిపుణుడి చేతిలో ఇది గొప్ప వరం. అజాగ్రత్తగా చేసినచోట లోపల గాలి బుడగలు, ముడతపడిన పొరలు మిగిలిపోతాయి. పైన నిగనిగలాడే పూత వాటిని కొనేవాని కంటికి కనిపించనీయదు.

మూడువందల గ్రాముల వెల

కార్బన్ రిమ్ముకు పేరు తెచ్చినది దాని తేలికతనం. ఆ తేలికతనం ఎంతో, మోటారు ఉన్న సైకిలు మీద దాని ఫలం ఎంతో లెక్కకట్టి చూడవలెను.

మోటు బాటలకు పనికివచ్చే అల్యూమినియం రిమ్ము 500 నుంచి 600 గ్రాములు ఉంటుంది. అదే పనికి తగిన కార్బన్ రిమ్ము 400 నుంచి 500 గ్రాములు. రెండు చక్రాలకు కలిపి ఆదా అయ్యేది 200 నుంచి 300 గ్రాములు. ఎక్కువలో ఎక్కువగా 300 అనే తీసుకొందాము. సైకిలు 24 కిలోలు, తొక్కే మనిషి 75 కిలోలు అనుకొంటే మొత్తం సుమారు 100 కిలోలు. అందులో 300 గ్రాములు వెయ్యింట మూడు వంతులు.

ఈ సైకిలు 1,000 మీటర్ల ఎత్తు ఎక్కినదనుకొందాము. 100 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి సుమారు 272 వాట్ అవర్ల శక్తి కావలెను. 300 గ్రాములను అంత ఎత్తుకు చేర్చడానికి కావలసినది ఒక వాట్ అవరుకు తక్కువ. బ్యాటరీలో 625 వాట్ అవర్లు ఉన్నవనుకొంటే, కార్బన్ రిమ్ముల వల్ల మిగిలేది అందులో ఆరువందల వంతు. ప్రయాణికుడు ఒక చెంబెడు నీళ్ళు తక్కువ మోసుకుపోయినా ఇంతకంటె ఎక్కువే మిగులుతుంది.

రిమ్ము తిరిగే వస్తువు కదా, తిరిగే బరువు ఇబ్బంది రెండింతలు కాదా అని కొందరు అడుగుతారు. అది నిజమే. చక్రపు అంచున ఉన్న బరువును వేగం పుంజుకొనేటట్లు చేయడానికి, చట్రం మీద ఉన్న అంతే బరువుకంటె రెండింతలు శక్తి కావలెను. అయినా 300 గ్రాములు 600 గ్రాములు అవుతాయి; నూరు కిలోలలో అది ఆరు వెయ్యవ వంతులే. పైగా టైర్ల సంగతి చూడవలెను. ఈ సైకిళ్ళకు వాడే గట్టి టైరు ఒక్కొక్కటి కిలోకు పైబడి ఉంటుంది. టైరు రకం మార్చినంతనే రిమ్ముల వల్ల వచ్చిన ఆదా అంతా పోవచ్చును, లేదా అంతకంత రావచ్చును.

తేలికతనానికి విలువ లేదని దీని అర్థం కాదు. ఆ బరువును మోసేది ఎవరన్నదే ప్రశ్న. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో పోలియో బాధిత పిల్లలు మూడేసి కిలోల లోహపు క్యాలిపర్లు కాళ్ళకు కట్టుకొని ఈడ్చుకుంటూ నడవడం ఏ.పి.జె. అబ్దుల్ కలాం చూసినారు. క్షిపణుల కోసం పెంపొందించిన తేలికపాటి పదార్థాల పరిజ్ఞానంతో ఆయన బృందం 300 గ్రాముల క్యాలిపర్లు తయారుచేసినది. అక్కడ ప్రతి గ్రామునూ ఒక పసివాని కాలు ఎత్తవలసి ఉన్నది. కనుక ప్రతి గ్రాముకూ విలువ ఉన్నది. మోటారు లేని సైకిలు మీద పందెం తొక్కేవాని కాళ్ళకు కూడా గ్రాముల విలువ తెలుసు. విద్యుత్ సైకిలు మీద ఆ భారాన్ని బ్యాటరీ మోస్తుంది. దానికి అలసట లేదు.

మోటారు ఎక్కడ నొక్కుతుంది

మోటారు వల్ల చక్రానికి కొత్తగా కలిగే శ్రమ మరొకటి ఉన్నది. అది రిమ్ము మీదకంటె హబ్బు మీద, స్పోకుల మీద ఎక్కువగా పడుతుంది. ఈ సైకిళ్ళలో 85 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం గల మోటార్లు సాధారణం. 100 దాటినవి కూడా వచ్చినవి. ముందు పళ్ళ చక్రానికి 34 పళ్ళు, వెనుక పెద్ద పళ్ళ చక్రానికి 51 పళ్ళు ఉన్న గేరులో ఆ 85 కాస్తా వెనుక హబ్బు దగ్గర 127 అవుతుంది. దానికి మనిషి తొక్కే బలం కలిస్తే, ఒక్కొక్క క్షణంలో అది రెండింతలు దాటుతుంది. హబ్బులోని పళ్ళు అరగడం, వెనుక స్పోకులు తెగడం ఈ బలం ఫలితమే. ఇందులో రిమ్ము అల్యూమినియమా కార్బనా అన్నదానితో పెద్ద నిమిత్తం లేదు.

దిగేటప్పుడు కథ మారుతుంది. గంటకు 25 కిలోమీటర్లు దాటిన తరువాత మోటారు మౌనం వహిస్తుంది. ఇక మిగిలేవి మనిషి, వాలు, రాళ్ళు. పది కిలోల అదనపు బరువున్న సైకిలు వెనుక చక్రాన్ని రాయి మీద నుంచి తేలికగా ఎత్తి దాటించడం కష్టం. దెబ్బ తిన్నగా రిమ్ముకు తగులుతుంది. ఎక్కేటప్పుడు దాదాపు కనిపించని రిమ్ము తేడా దిగేటప్పుడు ఎదుటికి వస్తుంది.

పాడయ్యే తీరు

టైరును నేలకంటా నొక్కివేసిన రాయి రిమ్ము అంచుకు తగిలినప్పుడు అల్యూమినియం సొట్టపడుతుంది. దెబ్బ గట్టిదైతే చక్రం బెండు వస్తుంది. దెబ్బ తిన్నమాట కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. చిన్న సొట్టను పటకారుతో మెల్లగా లాగి సరిచేయవచ్చును. బెండు వచ్చిన చక్రానికి ఒక వైపు స్పోకులు సడలించి, రెండవ వైపు బిగించి ఆ బెండు తీయవచ్చును. చక్రం మునుపటివలె కాకపోయినా ఇంటికి చేరుస్తుంది. అయితే అల్యూమినియానికి ఒక బలహీనత ఉన్నది. ఎంత చిన్న శ్రమనైనా అనంతంగా భరించే గుణం దానికి లేదు. సంవత్సరాల తరబడి వాడగా స్పోకు రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్ళు పుట్టవచ్చును. పటకారుతో పదేపదే లాగిన అంచు కూడా ఒకనాటికి చీలుతుంది.

కార్బన్ తీరు వేరు. అదే దెబ్బకు మంచి కార్బన్ రిమ్ము ఏమీ కాకుండా నిలవవచ్చును. అల్యూమినియం సొట్టపడే దెబ్బలు ఎన్నో తిన్న తరువాత కూడా అది గుండ్రంగానే ఉంటుంది. బెండు తీయవలసిన అవసరం అరుదు. కాని దాని హద్దు దాటిన దెబ్బ తగిలినప్పుడు అది వంగదు. పొరలు విడిపోతాయి, లేదా అంచు పగులుతుంది. పగిలిన కార్బన్‌ను దారిలో సరిచేసే పటకారు లేదు. ట్యూబు లేకుండా జిగురు ద్రవంతో నడిపే టైరు అయితే పగులు గుండా గాలి పోతుంది. ట్యూబు వేసినా పగిలిన అంచు దానిని కోయవచ్చును. పొరలు లోపల విడిపోయి పైకి కనిపించని సందర్భాలు కూడా ఉన్నవి. ముందు చక్రం విషయంలో ఇది ప్రాణానికి సంబంధించిన మాట.

కార్బన్ రిమ్ములపై ఒకప్పుడు ఉన్న మరొక నింద మాత్రం ఈ సైకిళ్ళకు వర్తించదు. రిమ్మును పట్టి ఆపే బ్రేకులున్న రోడ్డు సైకిళ్ళలో, పొడవైన వాలు దిగేటప్పుడు రాపిడి వేడికి కార్బన్ రిమ్ములోని జిగురు మెత్తబడే ప్రమాదం ఉండేది. కొండ సైకిళ్ళకు ఇప్పుడు డిస్కు బ్రేకులే గనుక ఆ వేడి రిమ్ము దాకా రాదు.

సాలగ్రామాల నదీతీరంలో

ఈ తేడా పుస్తకంలో చదివినప్పుడు చిన్నదిగా తోస్తుంది. హిమాలయాలలో దాని అసలు పరిమాణం తెలుస్తుంది. నేపాలులోని కాలీ గండకి లోయ ఇందుకు మంచి ఉదాహరణ. సాలగ్రామాలు దొరికే నది అది. వైష్ణవులకు 108 దివ్యదేశాలలో ఒకటైన, బౌద్ధులకు సైతం పవిత్రమైన ముక్తినాథ్ ఆ లోయ పైననే ఉన్నది. జోమ్‌సోమ్ నుంచి ముక్తినాథ్ చేరడానికి సుమారు 1,000 మీటర్లు ఎక్కవలెను. తిరుగు దారిలో వదులు రాళ్ళు, నది ఒడ్డున గుండ్రాళ్ళు. పగలు ముదిరేసరికి లోయలో ఈడ్చి కొట్టే గాలి. కొండ సైకిలు యాత్రికులకు ఇది పేరెన్నిక గన్న దారి.

అక్కడ దిగేటప్పుడు వెనుక రిమ్ముకు రాయి తగిలినదనుకొందాము. అల్యూమినియం రిమ్ము అయితే యాత్రికుడు గంటసేపు కూర్చుని సొట్ట లాగి, ట్యూబు వేసుకొని, నెమ్మదిగా జోమ్‌సోమ్ చేరగలడు. కార్బన్ రిమ్ము ఆ దెబ్బకు నిలిచి ఉంటే అతడు ఆగనవసరమే లేదు. పగిలి ఉంటే మాత్రం 24 కిలోల సైకిలును నడిపించుకుంటూ పోవలెను. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు చిన్న విమానాలున్నవి గాని, 160 వాట్ అవర్లు మించిన లిథియం బ్యాటరీలను ప్రయాణికుల విమానాలలో అనుమతించరు. కనుక ఈ సైకిలు పోయినా వచ్చినా రోడ్డు మీదనే.

ఊరి సైకిలు షాపు ఎంతవరకు ఆదుకోగలదు అన్నది కూడా ఆలోచించవలసినదే. ఉపఖండంలోని పాతకాలపు పెద్ద సైకిళ్ళ రిమ్ము, టైరు కూర్చునేచోట, 635 మిల్లీమీటర్ల వ్యాసం గలది. నేటి కొండ సైకిళ్ళలో 29 అంగుళాలుగా పిలిచే చక్రానికి అది 622, 27.5 అంగుళాల చక్రానికి 584. షాపులో వేలాడే రిమ్ము దీనికి సరిపోదు. స్పోకు పొడవూ సరిపోకపోవచ్చును. అక్కడ దొరికేది మెకానిక్కు చేతి నైపుణ్యం, స్పోకు కీ. ఆ రెండూ అల్యూమినియం చక్రానికి ప్రాణం పోయగలవు. పగిలిన కార్బన్‌కు వాటివల్ల ప్రయోజనం లేదు.

కార్బన్ పక్షాన చెప్పవలసినది

ఇంతమాత్రాన కార్బన్ ఎన్నుకొన్నవారు పొరపడినారని అనరాదు. దాని బిగువు వల్ల సైకిలు తిప్పిన వైపు తడబడకుండా తిరుగుతుంది. వారానికి నాలుగు రోజులు రాళ్ళ బాటల్లో తిరిగేవారికి, తరచు బెండు తీయించుకొనే అవస్థ తప్పుతుంది. కొన్ని సంస్థలు కార్బన్ రిమ్ములకు మొదటి కొనుగోలుదారు జీవితకాలపు హామీ ఇస్తున్నవి. 2017లో సాంటా క్రూజ్ సంస్థ తన రిజర్వ్ చక్రాలకు అటువంటి హామీ ప్రకటించినది. పగిలిన రిమ్ముకు బదులు కొత్తది ఉచితంగా వచ్చేచోట కార్బన్ లెక్క చాలా మెరుగవుతుంది. కొత్త రిమ్ము సముద్రాలు దాటి, సుంకం చెల్లించి రావలసినచోట ఆ హామీ కాగితం విలువ తగ్గుతుంది.

బిగువు అన్నివేళలా మేలు చేయదన్న సంగతిని తయారీదారులే గ్రహించినారు. 2019లో జిప్ సంస్థ తెచ్చిన కార్బన్ రిమ్ము లోపల గుల్లగా గాక ఒకే గోడతో, రాయి తగిలినచోట కొంచెం ఒరిగేటట్లు రూపొందినది. రాళ్ళ మీద చక్రం మరీ బిర్రుగా ఉంటే పట్టు తప్పుతుందని, చేతులు త్వరగా అలసిపోతాయని అనుభవజ్ఞుల మాట. అయితే దెబ్బను మెత్తగా చేయడంలో అధికభాగం టైరుదే. రెండున్నర అంగుళాల టైరు అనేక మిల్లీమీటర్లు అణిగి లేస్తుంటే, చక్రం కిందికి అణిగేది అందులో అత్యల్ప భాగం. గాలిని కొంచెం సరిచూసుకొంటే కలిగే తేడా రిమ్ము మార్చినదానికంటె తరచు ఎక్కువ.

ధరలో కార్బన్ చక్రాల జత సాధారణంగా అల్యూమినియం జతకు రెండు మూడింతలు ఉంటుంది. అంతకు మించినవీ ఉన్నవి. వాడకం తీరిన తరువాత కూడా తేడా ఉన్నది. పాత అల్యూమినియం కరిగి మళ్ళీ అల్యూమినియం అవుతుంది. ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో దానికి కావలసినది సుమారు 5 శాతం. గట్టిపడిన ఎపాక్సీని కరిగించి తిరిగి పోతపోయడం సాధ్యం కాదు.

ఎవరికి ఏది

రాళ్ళ బాటలలో, మరమ్మతుకు దూరంగా తిరగదలచినవారికి, మొదటిసారి ఈ సైకిలు కొనేవారికి, భారీకాయులకు గట్టి అల్యూమినియం రిమ్మే మేలు. మిగిలిన డబ్బును వెనుక హబ్బు మీద, మంచి స్పోకుల మీద, దళసరి టైర్ల మీద వెచ్చించడం వివేకం. వెనుక చక్రానికి 32 స్పోకులు ఉండవలెను. రిమ్ము లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్ల దరిదాపు ఉంటే రెండున్నర అంగుళాల టైరు స్థిరంగా కూర్చుంటుంది. టైరు లోపల వేసే నురుగు పట్టీ చక్రానికి నూరు, రెండువందల గ్రాములు బరువు పెంచినా, రిమ్ము అంచుకు దెబ్బ తగలకుండా అడ్డుపడుతుంది. మోటారు ఉన్న సైకిలుకు ఆ అదనపు బరువు లెక్కలోనిది కాదు.

నైపుణ్యం గలిగి, తరచు తొక్కుతూ, తయారీదారు ప్రతినిధి ఉన్న నగరానికి దగ్గరగా ఉండేవారు కార్బన్ ఎన్నుకోవచ్చును. అయితే ఆ రిమ్ము విద్యుత్ సైకిలుకు అనుమతించినదేనా, మనిషి, సైకిలు, సామాను కలిసి ఎంత బరువు వరకు అనుమతి ఉన్నది అని తయారీదారు పత్రంలో చూడవలెను. పేరూ ఊరూ లేని చవక కార్బన్‌కు మాత్రం దూరంగా ఉండవలెను. చవకదనమే కావలసినవారికి అల్యూమినియం ఉండనే ఉన్నది.

ఏది కొన్నా చక్రాన్ని పరీక్షించే అలవాటు తప్పదు. అల్యూమినియం అయితే నెలకొకసారి స్పోకు రంధ్రాల చుట్టూ వెలుగులో చూడవలెను. అంచున సొట్టలను వేలితో తడిమి చూడవలెను. కార్బన్ అయితే గట్టి దెబ్బ తగిలిన ప్రతిసారీ టైరు విప్పి, దూదిని రిమ్ము అంచు వెంట లాగి చూడవలెను; పోగు లేచినచోట దూది చిక్కుకుంటుంది. నాణెంతో చుట్టూ తట్టినప్పుడు ఒకచోట మాత్రం ధ్వని మొద్దుబారితే అక్కడ అనుమానించవలెను. అనుమానం తీరేదాకా ఆ చక్రంతో వాలు దిగరాదు. దూర ప్రయాణానికి బయలుదేరేవారు తమ చక్రానికి సరిపోయే పొడవు గల స్పోకులు నాలుగు, ఒక స్పోకు కీ, ఒక ట్యూబు సంచిలో వేసుకోవలెను.

షాపులో రెండు చక్రాలనూ చేత్తో ఎత్తి చూస్తే తేలికైనదే మనసును లాగుతుంది. చేయి చెప్పే ఆ సాక్ష్యం మోటారు లేని సైకిలుకు చాలావరకు నిజం. మోటారు ఉన్న సైకిలు కొనేవారు డబ్బు చెల్లించేముందు అమ్మేవారిని ఒక ప్రశ్న అడగవలెను: "ఈ రిమ్ము కొండ మీద పాడైతే, దీనిని బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు?" దానికి తృప్తికరమైన సమాధానం వచ్చినప్పుడు కార్బన్ కొనడానికి అభ్యంతరం లేదు. రానప్పుడు అల్యూమినియం చక్రం తీసుకొని నిశ్చింతగా బయలుదేరవచ్చును.